సుతార్మి అన్నం పొయ్యి

జనవరి వానల్లో వచ్చిన జ్వరం మూడు రోజుల్లో పోయింది. కీళ్ళ నొప్పులు నెల తిరిగేలోపు పోయాయి. ఇప్పుడు సెప్టెంబరు, ఎండలకు టేకాకులు రాలుతున్నాయి, సుతార్మి మాత్రం ఇంకా మునుపటి మనిషి కాలేదు.

ఆ చికున్‌గున్యా మా పేటలో ఒక్క ఇంటినీ వదల్లేదు. నలభై గడపల జనం వరసపెట్టి మంచమెక్కారు, వరసపెట్టి దిగారు. అందరినీ కుట్టింది అదే దోమ, అందరికీ వచ్చింది అదే జ్వరం. అందుకే ఆమె మీద జాలిపడేవాళ్ళ కంటే, ఇది బద్ధకమేమోనని అనుమానపడేవాళ్ళే ఎక్కువయ్యారు. మొహం మీద మాత్రం ఎవరూ అనలేదు. మేం జావావాళ్ళం, మొహం మీద చెడ్డమాట అనటం మా ఇంటావంటా లేదు. దారిలో కనబడితే, ఇవాళ మొహం కళకళలాడుతోంది అక్కా, తగ్గిపోయినట్టే అని నవ్వుతాం. నాలుగడుగులు వేశాక మనసులో ఉన్నది పక్కవాళ్ళ చెవిలో వేస్తాం. ఆ కళకళ మాట విన్నప్పుడల్లా సుతార్మికి అరికాలి మంట నెత్తికెక్కేది.

పనిచేస్తే ఒళ్ళు అలుస్తుంది, అది ఎవరికైనా ఉన్నదే. ఈ అలసట అలాంటిది కాదు. ఒక్కోరోజు బాగానే లేచేది. చీపురు పట్టి వాకిలి సగం ఊడ్చేది. ఇంకేముంది, తగ్గిపోయింది అనుకుని మిగతా సగమూ ఊడ్చి, కోళ్ళకు గింజలు వేసి, బావి దగ్గర నాలుగు బట్టలు పిండేది. ఆ పూట ఏమీ అయ్యేది కాదు. మర్నాడు లేవబోతే చేతులు లేచేవి కావు. కళ్ళు తెరిస్తే వెలుతురు భరించలేకపోయేది. పక్కింటి టీవీలో మాటలు విడివిడిగా అర్థమయ్యేవి గాని కలిపితే ఏమీ అర్థమయ్యేది కాదు. అలా మూడు రోజులు వెదురు మంచం మీద పడి ఉండేది. పడి ఉన్నా నిద్ర వచ్చేదా? ఒళ్ళు కదలనంటుంటే మనసు మాత్రం కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. పొయ్యిలో బూడిద తియ్యలేదు, నీళ్ళ తొట్టి కడగలేదు, అటక నిండా సాలెగూళ్ళు. అటు ఒత్తిగిలేది, ఇటు ఒత్తిగిలేది, లేచి కూర్చునేది, కూర్చోలేక మళ్ళీ పడుకునేది. విశ్రాంతి అంటే ఇదా అని ఏడుపొచ్చేది.

ఆరోగ్య కేంద్రంలో మూడుసార్లు రక్తం తీశారు. రక్తం బాగుంది, చక్కెర బాగుంది, అన్నీ బాగున్నాయి. అక్కడి ముసలి నర్సు ఒక్కతే, కొందరికి ఇలా ఉండిపోతుందమ్మా, నెలలు పడుతుంది అని చెప్పింది. ఒంట్లో ఓపిక సగం ఉండగానే పని ఆపెయ్యాలంది. సగం ఎక్కడుందో దాటాక గాని తెలియటం లేదే అని సుతార్మి మొత్తుకుంది. నర్సు నవ్వలేదు, నిజమేనంది. అందుకే ఆ నర్సంటే సుతార్మికి ఇష్టం.

మొగుడు వర్దోయో తాపీమేస్త్రి, మంచివాడు. ఆయన లెక్క ప్రకారం ఇది గాలి చేరటం. మాకు ఒంట్లో ఏ తేడా వచ్చినా గాలి చేరిందనే అంటాం. రోజూ సాయంత్రం పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే, ఆమె వీపుకు నూనె రాసి, రాగి బిళ్ళతో ఎర్రగా చారలు తేలేదాకా గీకేవాడు. "ఎనిమిది నెలల్నుంచి తిష్ఠ వేసింది వులాన్ అమ్మా, ఈ గాలి పేరు కూడా మన కుటుంబ కార్డులో ఎక్కించాలి," అనేవాడు. వులాన్ వాళ్ళ కూతురు, సెమరాంగ్‌లో బట్టల మిల్లులో పనిచేస్తుంది. సుతార్మి నవ్వేది. వీపు భగభగ మండేది. ఆ గీకటం తప్ప ఆయన మాత్రం ఏం చేస్తాడు, పాపం.

ఇవన్నీ ఆమె ఓర్చుకున్నదే. ఓర్చుకోలేనిది ఒక్కటుంది.

మా పేటలో పెళ్ళయినా, సున్తీ అయినా, పోయినవాళ్ళ దినమైనా వంటవాళ్ళను పెట్టుకోం. రెండు రోజుల ముందునుంచే ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా ఆ ఇంటి పెరట్లో చేరి వండిపెడతారు. దాన్నే రెవాంగ్ అంటాం. అందులో ఎవరి పని వాళ్ళదే. కొబ్బరి తురిమేవాళ్ళు వేరు, మిరపకాయలు నూరేవాళ్ళు వేరు. అన్నిటికంటే పెద్దపీట అన్నం పొయ్యిది. ఆ పొయ్యి దగ్గర ఒక్క చెయ్యే ఆడాలి, రెండో చెయ్యి పడిందో, వచ్చినవాళ్ళకు అన్నం చాలదు. అది మా నమ్మకం. పందొమ్మిదేళ్ళుగా ఆ చెయ్యి సుతార్మిది. ఆమె చదివింది నాలుగో తరగతి, ఉన్నది రెండు గదుల ఇల్లు. కాని పేట పెద్ద భార్య అంతటిది కూడా ఆమె దగ్గరికొచ్చి, వడ్డన మొదలుపెట్టొచ్చా అక్కా అని అడిగి నిలబడాల్సిందే. ఆమెకున్న పొగరల్లా అదొక్కటే.

జ్వరం తర్వాత పేటలో రెండు శుభకార్యాలు జరిగాయి. రెండిటికీ ఆమె మంచం దిగలేకపోయింది. రెండిటికీ ఎర్నా కూర్చుంది ఆ పొయ్యి దగ్గర. ఎర్నా దూరాన సురబయ పట్నంనుంచి మా పేటకు కోడలై వచ్చింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. పని మంచిదే, నోరే మంచిది కాదంటారు మావాళ్ళు. సురబయలో అంతా అలాగే మాట్లాడతారట. కూరలో ఉప్పెక్కువైతే ఎర్నా ఉప్పెక్కువైందనే అంటుంది. పదేళ్ళుగా మా మధ్య ఉన్నా ఆ గుణం పోలేదు. మూడోసారి కూడా ఆమే కూర్చుంటే ఆ పొయ్యి ఇక ఆమెదే, ఎవరూ పైకి అనకుండానే ఆమెదైపోతుంది. ఈ భయమే సుతార్మిని మంచం మీద కుదురుగా పడుకోనిచ్చేది కాదు. నేను పోయానా ఏమిటి, బతికే ఉన్నానుగా అని తనలో తనే పోట్లాడుకునేది.

సెప్టెంబరు మొదటివారంలో, ఒకరోజు పొద్దున్నే మా పేటలోని గియార్తి వచ్చింది. రెండు వారాల్లో ఆమె కూతురి పెళ్ళి. చేతిలో చక్కెర పొట్లం, టీపొడి పొట్లం చూడగానే సుతార్మికి విషయం అర్థమైంది.

అన్నం పొయ్యికి పిలవటానికి మాకొక పద్ధతుంది. పిలవొచ్చిన మనిషి చక్కెరా టీపొడీ పట్టుకొచ్చి, మొదట వానల గురించీ మేకల గురించీ మాట్లాడాలి. తర్వాత అడగాలి. అడిగించుకున్న మనిషి, అయ్యో నాకేం చేతనవును, ఇంకెవరినైనా చూసుకో అని రెండుసార్లు కాదనాలి. మూడోసారి అడిగినప్పుడు ఒప్పుకోవాలి. పందొమ్మిదేళ్ళు అలాగే జరిగింది.

గియార్తి వానల గురించి మాట్లాడింది. మేక ఈనిన సంగతి చెప్పింది. తర్వాత పొట్లాలు ముందుకు జరిపి, నేలచూపులు చూస్తూ అడిగింది. "నీ ఒంట్లో బాగుంటేనే అక్కా. నువ్వు పొయ్యి దగ్గర ఉంటే నాకో ధైర్యం."

నాకేం చేతనవును అన్న మాట సుతార్మి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈసారి కాదంటే గియార్తి రెండోసారి అడుగుతుందా? నిజమేలే అక్కా, విశ్రాంతి తీసుకో అని లేచిపోతే? మర్యాదకన్న మాట నిజమై కూర్చుంటే? నడుముకు చుట్టుకున్న పాత బతిక్ అద్దకపు గుడ్డ అంచును గట్టిగా పట్టుకుంది.

"అలాగే, వస్తాను," అంది, మొదటిసారికే.

గియార్తి మొహంలో నవ్వు చెరగలేదు గాని కళ్ళు తడబడ్డాయి. ఆమె అప్పటికే ఎర్నాను పిలిచేసింది. పాత మనిషిని అడగకపోతే బాగుండదని, ఎలాగూ కాదంటుందన్న ధీమాతో వచ్చింది. ఇప్పుడు ఎర్నాను పిలిచేశానని ఎలా చెబుతుంది? సంతోషం అక్కా, చాలా సంతోషం అంది. కాదనాల్సిన మనిషి ఔనంది, వద్దనాల్సిన మనిషి సంతోషమంది. ఇలాంటి తప్పు చెయ్యటానికి భూమ్మీద మమ్మల్ని మించినవాళ్ళు లేరు. గియార్తి అటునుంచి అటే ఎర్నా ఇంటికెళ్ళి, సుతార్మి పెద్దమ్మకు సాయంగా కూర్చో అని చెప్పింది. ఎర్నాకు కూర్చోబెట్టిన పీట లాగేసినట్టయింది. "అదేదో ముందే తేల్చుకుని పిలవొచ్చుగా," అందట ఎర్నా. ఆ మాట సాయంత్రానికల్లా సుతార్మి చెవిన పడింది. పడినా ఏం, పొయ్యి మాత్రం తనదే.

వర్దోయో ఆ సాయంత్రం బిళ్ళ పట్టుకుని చాలాసేపు గీకకుండా కూర్చున్నాడు. "నీ చేతులు నీ మాట వింటాయా వులాన్ అమ్మా?" అన్నాడు చివరికి. ఆరోజు వింటాయి అందామె. ఆయన ఆమె వీపుకు నూనె రాయటం మొదలుపెట్టాడు.

ఆ రెండు వారాలూ ఆమె ఒళ్ళు దాచుకుంది. చీపురు ముట్టలేదు. బట్టలు వర్దోయో పిండాడు, అన్నం ఆయనే వండాడు. అల్లం, పసుపు, బెల్లం వేసి కాచిన కషాయం రెండుపూటలా తాగింది. పడుకోవటమే ఒక పనిగా పెట్టుకుంది, అంతకంటే కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు. కాళ్ళు దుప్పటి కింద ఊరికే ఆడేవి. కళ్ళు పైకప్పు పెంకులమీద తిరిగేవి. ఎన్ని గుండిగలు, ఎన్ని కట్టెలు, మూడువందలమందికి ఎన్నిసార్లు దించాలి అని మనసు వండుతూనే ఉండేది. దారినపోయేవాళ్ళు కిటికీలోంచి చూసి, రాణివాసం అని గుసగుసలాడారు. అదీ విన్నది.

రెవాంగ్ మొదటిరోజు ఆమె గియార్తి పెరట్లో అడుగుపెట్టేసరికి అందరూ చోటిచ్చారు, ఒకామె కుర్చీ కూడా తెచ్చివేసింది. సుతార్మికి ఒళ్ళు మండి కుర్చీ పక్కకు తోసి చాపమీద కూర్చుంది. ఎన్నాళ్ళయిందో ఉల్లిపాయల ఘాటులో, నవ్వుల్లో కూర్చుని! ఎవరూ చెప్పకుండానే ఒక బుట్టెడు ఉల్లిపాయలు వలిచింది. పెళ్ళికొడుకు మీసం మీద జోకులేసింది. రెండు వారాల పొదుపు బాగా పనిచేసిందని లోపల లోపల పొంగిపోయింది. ఆపెయ్యవే, సగమైంది అని నర్సు మాట ఒకసారి గుర్తొచ్చింది. ఇంకో బుట్ట ముందుకు లాక్కుంది.

రెండోరోజు మెడ బరువెక్కింది. పళ్ళు బిగపట్టి కూర్చుంది. మూడోరోజు పెళ్ళి.

తెల్లవారుజాము నమాజు కాగానే పొయ్యి రాజేసింది. ఎర్నా కాస్త ఎడంగా కూర్చుని కట్టెలు అందిస్తోంది, మూతి మాత్రం ముడుచుకునే ఉంది. మా అన్నం రెండుసార్లు ఉడుకుతుంది. కడిగిన బియ్యం మీద ముందు మరిగే నీళ్ళు పోసి, బారెడు తెడ్డుతో అడుగునుంచి పైకి తిప్పుతూ నీళ్ళన్నీ పీల్చేదాకా ఆగకూడదు. తర్వాత దాన్ని వెదురు బుట్టలోకెత్తి రాగి గుండిగలో ఆవిరికి పెట్టాలి. అసలు సంగతంతా ఆ తిప్పటంలో ఉంది. మొదటి గుండిగ అన్నం మల్లెపువ్వులా దిగింది. గియార్తి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేసింది.

రెండోదానికి నీళ్ళు పోసి పది తిప్పులు తిప్పింది. పదకొండోసారి తెడ్డు లేవలేదు. మరీ గట్టిగా పట్టుకుంటే వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. భుజాలనుంచి కిందికి ఆ చేతులు ఎవరివో అన్నట్టుంది. చెవుల్లో హోరు. పందిట్లోంచి, పెళ్ళికొడుకువాళ్ళు గంట ముందే దిగారని కబురు వచ్చింది.

"తెడ్డు ఇటివ్వండి పెద్దమ్మా," అంది ఎర్నా.

"ఈ పొయ్యి దగ్గర ఒక్క చెయ్యే ఆడాలి."

"ఆ ఒక్కటీ ఆడట్లేదుగా."

సుతార్మి విననట్టు ఇంకో రెండుసార్లు తిప్పింది. పైపైనే తిరిగింది, అడుగున బియ్యం బియ్యంలాగే ఉండిపోయింది. నాలుగు గింజలు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూసింది. లోపల పలుకు గట్టిగా తగిలింది. ఆమెకు తెలుసు. పందొమ్మిదేళ్ళ వేళ్ళకు తెలియకపోవటమేమిటి? ఆవిరికి సర్దుకుంటుందిలే అనుకుంది. సర్దుకోదనీ తెలుసు. ఎర్నా చేత బుట్టలోకి ఎత్తించి, గుండిగలో పెట్టి, మూత వేసి, గోడకానుకుని కళ్ళు మూసుకుంది. వడ్డనవాళ్ళు వచ్చి మొదలుపెట్టొచ్చా అని అడిగితే సరేనని తలూపింది.

మూడో గుండిగ, నాలుగో గుండిగ ఎర్నాయే తిప్పింది. ఎవరూ ఇవ్వమనలేదు, ఎవరూ వద్దనలేదు.

మధ్యాహ్నం రెండింటికి పందిరి ఖాళీ అయింది. అన్నం చాలకపోవటం మాట అటుంచి, మిగిలింది కూడా. గియార్తి స్వయంగా ప్లేటు వడ్డించి తెచ్చి, రెండు చేతులా సుతార్మికి అందించింది. ఇవాళ్టి అన్నం అమోఘం అక్కా అంది. సుతార్మి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. పళ్ళ కింద కరకరమంది. మూడువందలమందిలో పావుమందైనా ఇదే తిని ఉంటారు.

ఇక అక్కడినుంచి ఆమెకు నిలకడ లేదు. ఎవరో ఒకరు అంటారు, ఇప్పుడంటారు అని ఎదురుచూసింది. లేచింది, నీళ్ళు తాగింది, మళ్ళీ కూర్చుంది. పెళ్ళికూతురి మేనత్త వచ్చి చేతులు పట్టుకుని, మీ చేతి అన్నం తినాలంటే పెట్టిపుట్టాలి అని వెళ్ళింది. ఒకాయన పందిట్లోంచి బొటనవేలు చూపించాడు. ఒక్కొక్క మెప్పూ చెంపమీద కొట్టినట్టే ఉంది. వీళ్ళకు తెలుసు, నాకు తెలుసు, నాకు తెలుసని వీళ్ళకు తెలుసు. ఇక రేపటినుంచి దారిలో నవ్వుతారు, నాలుగడుగులు వేశాక చెప్పుకుంటారు. ఒళ్ళు హూనమైపోయిన మనిషికి అబద్ధం మొయ్యటానికి కూడా బలం కావాలి. ఆ బలం ఆమె దగ్గర లేదు.

ఆడవాళ్ళంతా పెరట్లో అంట్లు ముందేసుకుని, తోమేముందు తలా ఒక గ్లాసు టీ తాగుతున్నారు. సుతార్మి గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"అన్నం ఉడకలేదు," అంది.

ఒకరిద్దరు నవ్వారు. "అదేం మాట అక్కా! మా మరిది మారు వడ్డించుకున్నాడు," అంది గియార్తి. కొత్త బియ్యం అలాగే ఉంటుందని ఒకామె, మా పిల్లలకు అలాగే ఇష్టమని ఇంకొకామె అందుకున్నారు. అందరూ కలిసి ఆమెను కాపాడుతున్నారు. ఎనిమిది నెలలుగా కాపాడినట్టే.

"ఉడకలేదని చెప్పండే. మీకు దండం పెడతాను, ఒక్కళ్ళయినా చెప్పండి."

అందరూ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. అప్పుడు ఎర్నా తన గ్లాసు కింద పెట్టింది.

"ఉడకలేదు పెద్దమ్మా. రెండో గుండిగంతా పలుకే. పెళ్ళికొడుకు తాత నమల్లేక ప్లేటు కుర్చీ కిందికి నెట్టేశాడు. మీరు తెలిసే పెట్టారు. గింజ నొక్కి చూశారు, నేను చూశాను."

గియార్తి ఎర్నా మోచెయ్యి గిల్లింది. ఎర్నా ఆ చెయ్యి విదిలించుకుంది. సుతార్మి మొహం తెల్లగా పాలిపోయింది. సిగ్గు ముంచుకొచ్చింది, దాని వెనకే ఇంకేదో, ఎనిమిది నెలలుగా బిగపట్టిన ఊపిరి, ఒక్కసారిగా బయటికొచ్చింది. ఒక్క మనిషి, ఒక్క నిజం చెప్పింది.

"ఔను, నొక్కి చూశాను," అంది. "పలుకుందని తెలుసు. తిప్పటానికి చేతుల్లో బలం లేదు. ఇవాళ కాదు, జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ లేదు. నేను బద్ధకంగా పడుకోవట్లేదు, లేవలేక పడుకుంటున్నాను. నాకు తగ్గలేదు. ఎప్పుడు తగ్గుతుందో తెలీదు. పొయ్యి పోతుందని దాచాను, నీ కూతురి పెళ్ళి అన్నం పాడుచేశాను గియార్తీ." కాస్త ఊపిరి తీసుకుని ఎర్నా వైపు తిరిగింది. "ఇకమీదట పొయ్యి నువ్వే చూసుకో."

"చూసుకుంటాను," అంది ఎర్నా, మొదటిసారికే. ఆ పిల్లకు పద్ధతులు ఎప్పుడొస్తాయో ఏమో.

మాటిచ్చేశాక సుతార్మికి ఏడుపు ఆగలేదు. పందొమ్మిదేళ్ళ పొయ్యి. కన్నీళ్ళు తుడుచుకోవటానికి చెయ్యి లేపబోతే అదీ సగంలోనే ఆగింది. ఆమె ఇక ప్రయత్నించలేదు. పట్టపగలు, పరాయి పెరట్లో, పనిచేసే ఆడవాళ్ళందరి మధ్యా ఆ చాపమీద ఒరిగి పడుకుంది. మాలో ఏ ఆడదీ చెయ్యని పని. ఎర్నా ఆమె కాళ్ళకు అడ్డంగా ఉన్న గుండిగను పక్కకు లాక్కుని, అక్కడే కూర్చుని తోమటం మొదలుపెట్టింది. గియార్తి అలవాటు కొద్దీ ఏదో మంచిమాట అనబోయింది. అనకుండానే లేచి లోపలికెళ్ళి, ఒక దిండు తెచ్చి సుతార్మి తల కింద పెట్టింది.